స్కైరిమ్: ఒంటరి వీరుడూ, నలుగురి ఆటా

వీడియో ఆటలను గురించి మన అభ్యుదయ శిబిరంలో వినవచ్చే మాటలు రెండు. అవి యువకులను జీవితంనుంచి పక్కకు లాగే మత్తుమందు అన్నది ఒకటి. అవి పిల్లల కాలక్షేపం, వాటికి విమర్శ దేనికి అన్నది రెండోది. మొదటి మాట అనేవారు ఆటను చూడలేదు. రెండో మాట అనేవారు ఆడేవాళ్ళను చూడలేదు. కావలిలో గాని, నెల్లూరులో గాని విద్యార్థులు అద్దెకున్న గదులకు రాత్రి పది దాటాక వెళ్ళి చూస్తే, నవల చేతబట్టిన కుర్రవాడు ఒకడు కనిపించేచోట ఆటలో మునిగినవాళ్ళు పదిమంది కనిపిస్తారు. జానపద సినిమాను గురించీ, అపరాధపరిశోధక నవలను గురించీ ఒకప్పుడు మనవాళ్ళు ఇట్లాగే ముక్కు విరిచారు. ఆ విరుపును ఎవరూ లెక్కచెయ్యలేదు. ఆ సినిమాలూ ఆ నవలలూ తమ పని తాము చేసుకుపోయినవి. ఇంతమంది తమ తీరికను ఏ కల్పిత ప్రపంచానికి అప్పగిస్తున్నారో, ఆ ప్రపంచంలో మనిషికీ మనిషికీ మధ్య సంబంధాలు ఎట్లా వున్నవో చూడటం విమర్శకుడు తప్పించుకోలేని పని.

మా తీరంలో కుర్రవాళ్ళు ఎక్కువగా ఆడేది ఫోనులో ఆడే తుపాకి ఆట. 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధించారు. 2021లో అదే ఆట పేరు మార్చుకుని మళ్ళీ వచ్చింది. దాన్ని గురించి చెప్పటానికి పెద్దగా ఏమీ లేదు. నేను తీసుకుంటున్నది మరో రకం ఆట: ఆడేవాడు ఒక వేషం కట్టి, ఒక అద్భుతలోకంలో దిగి, తనకు తోచిన దారిన పోగలిగిన ఆట. ఈ రకంలో లోకమంతటా ప్రసిద్ధికెక్కింది 'స్కైరిమ్'. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో వున్న బెథెస్డా అనే సంస్థ దీన్ని 2011 నవంబరు 11న విడుదల చేసింది. 1994లో మొదలైన 'ఎల్డర్ స్క్రోల్స్' వరసలో ఇది అయిదో ఆట. 2023 నాటికి 6 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయినవని దాని దర్శకుడు టాడ్ హోవర్డ్ చెప్పాడు. ఏ భాషలోనైనా అన్ని ప్రతులు అమ్ముడుపోయిన నవలలు ఎన్నున్నవో పాఠకులే ఆలోచించుకోవచ్చు.

ఆట ఇట్లా మొదలవుతుంది. చేతులు కట్టేసిన ఖైదీగా బండిలో వధ్యస్థలానికి పోతుంటావు. నీ తల మొద్దుమీద పెట్టిన క్షణాన ఆకాశంనుంచి డ్రాగన్ అనే రెక్కల సర్పం దిగి ఆ ఊరిని తగలబెడుతుంది. తప్పించుకుని బయటపడతావు. ఇక ఆ మంచుకొండల దేశమంతా నీ ముందు పరచుకుని వుంటుంది. డ్రాగన్ల ఆత్మలను తనలో కలుపుకోగల ఏకైక వీరుడివి నువ్వేనని త్వరలోనే తెలుస్తుంది. ఐతే ఆ కథ వెంటనే నడవవలసిందేమీ కాదు. కొండలెక్కవచ్చు. పూలు కోసి మందులు కాచవచ్చు. కట్టెలు కొట్టి అమ్మవచ్చు. దొంగల ముఠాలో చేరవచ్చు. లోకం తగలబడిపోతున్నదని ఊళ్ళో అందరూ మొత్తుకుంటూవుంటే నెలల తరబడి సీతాకోకచిలుకలు పట్టుకుంటూ కూచున్నా అడిగేవాడుండడు. ఒక పని అయిపోతే మరో పని యంత్రమే అల్లి ఇస్తుంది. ఆటకు అంతం లేదు.

అద్భుతలోకం కనుక ఇది పలాయనవాదమే అని తేల్చివేయటం తొందరపాటు. మనకు కూడా అద్భుతకథ వున్నది; అది ప్రజలకు దూరమైన కథ కాదు. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'లో తోటరాముడు తోటమాలి కొడుకు. రాజకుమార్తెను పెళ్ళాడటానికి అతనికి అడ్డం వచ్చినది రాక్షసుడు కాదు, సంపద. మాంత్రికుడూ పాతాళమూ ఆ అడ్డంకి చుట్టూ అల్లుకున్నవే. మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు' మరింత దగ్గరి పోలిక. అవి కూడా ఒక పట్టాన ముగియవు. ఒక మజిలీలో ఒక కథ, దారిలో మరో వింత, దానికి మరో కథ. అక్కడ మణిసిద్ధుడనే యతి కాశీకి పోతూ తోడుగా ఒక గొల్లపిల్లవాణ్ణి పిలుస్తాడు. దారిలో తాను చూసిన వింతలకు కథలు చెప్తానంటేనే వస్తానంటాడు వాడు. అంటే అక్కడ ఒక ఒప్పందం వున్నది. తోడు వచ్చినందుకు ప్రతిఫలం కథ; అడిగే హక్కు గొల్లపిల్లవాడిది, చెప్పవలసిన బాధ్యత యతిది. స్కైరిమ్‌లో కూడా వీరుడికి తోడుంటుంది. వైట్‌రన్ అనే ఊరి ప్రభువు నిన్ను గౌరవించి లిడియా అనే యువతిని నీ సేవకురాలిగా ఇస్తాడు. ఆమె నీ మూటలు మోస్తుంది, నీ కోసం కత్తి దెబ్బలు తింటుంది. ఆమెతో నీకు ఒప్పందం లేదు; ఆమె నిన్ను అడిగేదీ లేదు. మన గొల్లపిల్లవాడు ఒక్క మజిలీలో వేసినన్ని ప్రశ్నలు ఆమె ఆట మొత్తంమీద వెయ్యదు.

ఈ ఆటలో స్వేచ్ఛ విషయంలో అసలు చిక్కు ఇక్కడే వున్నది. స్వేచ్ఛ అపారం, కాని అది ఒక్కడిది. మిగిలిన లోకమంతా ఆ ఒక్కడి రాక కోసం నిలబడి వుంటుంది. కమ్మరి సమ్మెట కొడుతూనే వుంటాడు. రైతు కాబేజీ మడిలో పారాడుతూనే వుంటాడు. ఆ కొట్టుడువల్ల గాని, ఆ పారాటంవల్ల గాని వాళ్ళ జీవితం ఒక్క అంగుళం ముందుకు జరగదు. నువ్వు కట్టెలు కొట్టి ఇస్తే చేతిలో డబ్బులు పడతవి, అంతే. ఆ కట్టెలు ఎవరింట్లో మండినవో కనబడదు. అన్నిటికంటె విచిత్రం మరొకటి వున్నది. కథ నడవటానికి అవసరమైన పాత్రలను ఈ ఆటలో చంపటం సాధ్యం కాదు. ఎన్ని దెబ్బలు తగిలినా మోకాళ్ళమీద కూలి, కాసేపటికి లేచి నిలబడతారు. అవసరం లేని పాత్రలు మాత్రం ఏ డ్రాగన్ వచ్చినా పిట్టల్లా రాలిపోతారు. ప్రభువులలో, సేనానులలో చాలామంది మొదటి జాబితాలో వుంటారు. రైతులూ, కావలివాళ్ళూ రెండోదానిలో. భూస్వామ్య సాహిత్యం మాటల్లో చెప్పినదాన్నే ఇది యంత్రంలో అమర్చింది. (అంగడివాడి తలకు బకెట్టు తొడిగి, వాడికి కళ్ళు కనపడకుండా చేసి అంగడంతా దోచుకోవచ్చుననే సంగతి ఆడినవాళ్ళందరికీ తెలిసిందే. ఇది కవ్వింపుగా పెట్టింది కాదు, చూపును లెక్కగట్టే పద్ధతిలో పడిన లొసుగు. ఐనా ఆటలోని సామాన్యుడి చూపుకున్న విలువను ఇంతకంటె చక్కగా ఎవరూ చెప్పలేరు.)

ఐతే ఆట రాసినవాళ్ళకు అన్యాయం కనబడలేదని అనరాదు. కనబడింది. విండ్‌హెల్మ్ అనే రేవుపట్నం వున్నది. ఆ ఊరిని ఏలే ఉల్‌ఫ్రిక్, సామ్రాజ్యం మీద తిరుగుబాటు చేసిన నాయకుడు. అతని ఊళ్ళోనే శరణార్థులుగా వచ్చిన నల్ల ఎల్ఫులను ఒక మురికివాడలో కుక్కివుంచారు. ఓడరేవులో మూటలు మోసే ఆర్గోనియన్లను, అంటే బల్లిరూపు మనుషులను, కోటగోడ దాటి ఊళ్ళోకి అడుగుపెట్టనివ్వరు. ఒకే పనికి ఊరివాళ్ళకు ఇచ్చే కూలికన్నా వీళ్ళకు ఇచ్చేది తక్కువ. ఆ కూలీలలో ఒకడు నీ దగ్గరకు వచ్చి యజమానితో మాట్లాడమని అడుగుతాడు. నువ్వు వెళ్ళి, నేర్పుగా మాట్లాడి ఒప్పిస్తే పని అయిపోయినట్లు ఆట చీటీలో గుర్తు పడుతుంది. కూలీలు మాత్రం గోడ బయటే వుంటారు.

స్వేచ్ఛ కోసం లేచినవాడి నీడలోనే మరొకరి స్వేచ్ఛ అణగివుందని చూపటం సామాన్యమైన విషయం కాదు. మన చారిత్రక నవలల్లో చాలావాటికి ఆ సాహసం లేదు. కాని సమస్యను చూసిన కన్ను పరిష్కారం దగ్గరకొచ్చేసరికి మూసుకుపోయింది. ఈ ఆటలో కత్తి తిప్పటానికి మీట వున్నది, మంత్రం వెయ్యటానికి మీట వున్నది, తాళం తియ్యటానికి ఒక చిన్న ఆటే వున్నది. రేవు కూలీలు పదిమంది కలిసి పని ఆపటానికి మాత్రం ఏ మీటా లేదు. మా జిల్లాలో ఈ సన్నివేశాన్ని ఆడే కుర్రవాడికి రేవు అంటే కల్పన కాదు. 2008లో వ్యాపారం మొదలుపెట్టిన కృష్ణపట్నం రేవు 2021 నాటికి పూర్తిగా అదానీ సంస్థ చేతికి వచ్చింది. అక్కడ పనికి పోయే అన్నలూ, బాబాయిలూ వాడికి వుంటారు. కూలి పెరగాలంటే డ్రాగన్‌ను చంపినవాడెవడో వచ్చి యజమాని చెవిలో నాలుగు మంచిమాటలు చెప్పాలని వాడికి ఈ ఆట నేర్పుతున్నది. ఇదే జిల్లాలో, 1992లో, దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడి మూయించటానికి ఏ వీరుడి కోసమూ కాచుకుని కూచోలేదు. పత్రికలు రోశమ్మ పేరు ముందు పెట్టినా, ఆమె అంగడి దగ్గరకు ఒంటరిగా పోలేదు. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చిందంటే అది ఊరూరా ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా కదలటంవల్ల వచ్చింది. ఆ కదలికను బొమ్మకట్టగల శక్తి ఈ ఆట యంత్రానికి లేక కాదు. మహాయుద్ధాలనే చూపుతున్నది గదా!

ఇంతవరకు చెప్పినది ఒంటరిగా ఆడినప్పటి సంగతి. నలుగురు కలిసి ఆడితే ఏమవుతుందన్నదే నాకు ముఖ్యంగా తోచిన విషయం.

స్కైరిమ్ ఒక్కడు ఆడటానికి తయారైన ఆట. మా కావలి కుర్రవాళ్ళకు అట్లా ఆడే వసతి లేదు. నేనెరిగిన ఒక గదిలో నలుగురికీ కలిపి ఒకే లాప్‌టాప్ వుంది. అది కూడా ఒకరి అన్నయ్య వాడి పక్కన పెట్టినది. అందుచేత మీటలమీద ఒకడి చేతులుంటవి, మిగిలిన ముగ్గురూ వెనకనుంచి వాదిస్తుంటారు. ఒక గంటకు చేతులు మారుతవి. వేషం ఒకటే, వేషధారులు నలుగురు. పేదరికం చేసిన ఏర్పాటు ఇది. ఐనా ఆట రాసినవాళ్ళు ఊహించనిదేదో ఇందులో పుట్టింది.

మార్కార్త్ అనే ఊళ్ళో సిడ్నా గని ఘట్టం వీళ్ళు ఆడుతుండగా చూశాను. ఆ ఊరు ఒకప్పుడు రీచ్ కొండల ఆదివాసులది. వాళ్ళు తిరగబడి రెండేళ్ళు ఏలుకున్నారు; వాళ్ళను అణచి ఊరు లాక్కొన్నవాడు ఇంతకుముందు చెప్పిన ఉల్‌ఫ్రిక్కే. ఇప్పుడు అక్కడి వెండిగని సిల్వర్ బ్లడ్ అనే కుటుంబం సొత్తు. గనే చెరసాల, వెండి తవ్వేది ఖైదీలు. వీరుణ్ణి కూడా దొంగ నేరం మోపి అందులో పడేస్తారు. లోపల ఆదివాసుల ముసలి నాయకుడు మడనాక్ వుంటాడు. అతన్ని చంపి యజమాని దయతో బయటికి రావచ్చు. లేదా అతనితోపాటు సొరంగం గుండా తప్పించుకోవచ్చు. ఒంటరిగా ఆడేవాడు ఇక్కడ ఏం చేస్తాడో నాకు తెలుసు. ఆటను భద్రపరచుకుని రెండుదారులూ పోయిచూస్తాడు. దేనిలో మంచి కవచం దొరికితే దాన్ని వుంచుకుంటాడు. అతని నిర్ణయానికి సాక్షి లేడు, కనుక అది నిర్ణయమే కాదు.

ఆ గదిలో మాత్రం ముప్పావుగంట ఆట నడవలేదు. "ముసలోణ్ణి చంపితే మనం కూలికి చంపినట్టే అబ్బయ్యా" అన్నాడొకడు. "వాడు మటుకు ఊళ్ళో జనాన్ని చంపించలేదా?" అని రెండోవాడు. సంతలో నడిరోడ్డున జరిగిన హత్య ఒకటి ఆ కథలోనే వున్నది. అది వాడికి గుర్తు. మూడోవాడు తమ ఊరి ఉప్పుకొటార్లలో అడ్వాన్సు తీసుకుని తీర్చలేక అక్కడే వుండిపోయిన కుటుంబాన్ని గురించి చెప్పుకొచ్చాడు. ఆ మాట ఆటకు సంబంధించింది కాదని ఎవరూ అనలేదు. చివరకు ముసలివాడితో కలిసి బయటపడ్డారు. బయటపడ్డాక గని మళ్ళీ ఆ కుటుంబానిదేనని తెలిసి నలుగురూ ఆట రాసినవాణ్ణి బూతులు తిట్టారు. అది సాహిత్యవిమర్శ కాకపోతే మరేమిటి?

తోలుబొమ్మలాట చూసినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. మా ప్రాంతంలో రామాయణం ఆడేటప్పుడు రాముడి బొమ్మ ఎంత గంభీరంగా నిలబడినా, మధ్యలో కేతిగాడూ బంగారక్కా దూరి ఆ గాంభీర్యాన్ని చెల్లాచెదరు చేస్తారు. వాళ్ళ బూతులో ఊరి కరణంమీదా మోతుబరిమీదా చురక వుంటుంది. రాముడి కథను ఊరి కథగా మార్చేది వాళ్ళే. స్కైరిమ్‌లో వీరుడున్నాడు, కేతిగాడు లేడు. ఒంటరిగా ఆడేవాడికి ఆ లోటు తీరేమార్గం లేదు. నలుగురు చేరితే మీటలు పట్టుకున్నవాడు వీరుడవుతాడు, మిగిలిన ముగ్గురూ కేతిగాళ్ళవుతారు.

నలుగురితో ఆడటమే గొప్ప ఐతే కంపెనీ అమ్మే నలుగురి ఆట కూడా వున్నది గదా అని అడగవచ్చు. వున్నది. అదే కల్పిత ఖండంలో వేలమంది ఒకేసారి తిరిగే 'ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్' 2014 ఏప్రిల్‌లో వచ్చింది. అందులో హాస్యం ఏమిటంటే, అక్కడ తిరిగే వేలమందిలో ప్రతివాడితోనూ లోకాన్ని రక్షించవలసినవాడివి నువ్వేనని చెప్తారు. సంతలో వందమంది రక్షకులు ఒకరినొకరు తోసుకుంటూ ఒకే ముసలమ్మ దగ్గర ఒకే పని అడిగి తీసుకుంటుంటారు. వేలమంది వున్నారు, సమష్టి లేదు. దానికితోడు గుర్రానికీ, దుస్తులకూ నిజమైన డబ్బు పుచ్చుకునే అంగడి ఒకటి. రద్దీని సమాజం అనుకోకూడదు. సముద్రం ఒడ్డున పెద్దవల లాగేవాళ్ళను చూసినవాడు ఆ పొరపాటు చెయ్యడు. అక్కడ ఒకరి అడుగుకు మరొకరి అడుగు జవాబు చెప్పకపోతే వల కదలదు.

కంపెనీ ఇవ్వని దాన్ని ఆడేవాళ్ళే తయారుచేసుకున్న సంగతి మన పత్రికలకు ఎక్కలేదు. 2012 ఫిబ్రవరిలో స్కైరిమ్‌ను మార్చుకునే పనిముట్లను కంపెనీయే ఉచితంగా ఇచ్చింది. అప్పటినుంచి వేలమంది, జీతం లేకుండా, కొత్త ఊళ్ళూ, కొత్త కథలూ, పాత లొసుగులకు మరమ్మతులూ చేసి అందరికీ పంచిపెట్టారు. వీటినే మోడ్‌లంటారు. ఒంటరి ఆటగా పుట్టిన స్కైరిమ్‌ను మిత్రులతో కలిసి ఆడేటట్లు చేసిన 'స్కైరిమ్ టుగెదర్ రీబార్న్' కూడా ఇట్లా కొందరు ఔత్సాహికుల శ్రమవల్లే 2022 జులైలో వచ్చింది. ఈ ఉమ్మడి పొలానికి గట్టు వేసే ప్రయత్నం అంతకుముందే జరిగింది. 2015 ఏప్రిల్ 23న వాల్వ్, బెథెస్డా సంస్థలు కలిసి మోడ్‌లను అమ్మకానికి పెట్టినవి. తయారుచేసినవాడికి దక్కేది నూటికి 25 పాళ్ళు. తక్కిన 75 ఆ రెండు కంపెనీలకు. ఆడేవాళ్ళు అల్లరి చేశారు. నాలుగురోజుల్లో, 27న, పథకాన్ని వెనక్కు తీసుకోక తప్పలేదు.

ఈ తీరంలో పుట్టినవాడికి ఈ కథ ఎక్కడో విన్నట్లే వుంటుంది. 1990 ప్రాంతాల మా సముద్రపు ఒడ్డున రొయ్యల గుంటలు లేచినవి. పశువులు మేసిన బీడుకూ, వలలు ఆరేసుకున్న ఇసుకకూ గట్లు పడినవి. పులికాట్ సరస్సుకు వెయ్యి మీటర్లలోపు గుంటలు వుండరాదని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2005లో పార్లమెంటు చట్టం చేసి గుంటలకు మళ్ళీ దారి తెరిచింది. మోడ్‌ల అంగడి కూడా 2017లో ఒకసారి, 2023 డిసెంబరులో మరోసారి, పేరు మార్చుకుని తిరిగివచ్చింది. ఒకసారి ఎత్తిన జెండాను దించి ఇంటికి పోతే గట్టు వేసేవాడు మళ్ళీ పార పట్టుకుని వస్తాడు.

ఉమ్మడి ఆటకు మరో అడ్డంకి వున్నది. 'స్కైరిమ్ టుగెదర్' ఉచితమే, కాని ఆడటానికి మనిషికొక యంత్రం, మనిషికొక ప్రతి కావాలి. ఒకే లాప్‌టాప్ వున్న నలుగురికి అది అందదు. పైగా, నలుగురికీ నాలుగు యంత్రాలు వస్తే ఆ వెనకనుంచి వాదించే ముగ్గురూ ఏమవుతారు? ఎవడి వేషం వాడు చూసుకుంటాడు. మడనాక్‌ను ఏం చెయ్యాలన్న ముప్పావుగంట తగవు వుండదు. యంత్రాలు కొరవడటం మంచిదని నేను వాదించటంలేదు. లేమికి హారతి పట్టటం మన పని కాదు. తగవు పడే అవకాశాన్ని ఆట నిర్మాణంలోనే పెట్టటం సాధ్యమేనంటున్నాను. 2023 ఆగస్టులో వచ్చిన 'బాల్డర్స్ గేట్ 3' అటువైపు ఒక అడుగు వేసింది. బెల్జియంలోని లారియన్ సంస్థ తయారుచేసిన ఆ ఆటను నలుగురు కలిసి ఆడవచ్చు. ఒకడు ఎవరితోనైనా మాట్లాడుతుంటే మిగిలినవాళ్ళు ఆ సంభాషణ వింటూ ఏ జవాబు చెప్పాలో తమ మొగ్గు చూపవచ్చు. చివరి మాట మాత్రం మాట్లాడేవాడిదే. ముగ్గురి మాటా తోసిపుచ్చి వాడు ఒప్పందం కుదుర్చుకోవచ్చు. అప్పుడు ఆ ముగ్గురూ చేసేది ఆటలో లేదు, గదిలో వుంది.

ఈ ఆటలను తయారుచేసేవాళ్ళ మాట చెప్పకపోతే విమర్శ సగంలో ఆగిపోతుంది. బెథెస్డా మాతృసంస్థ జెనీమాక్స్‌ను మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ బేరం 2021 మార్చిలో పూర్తయింది. 2023 జనవరిలో ఆ సంస్థలో ఆటల తప్పులు వెదికే పరీక్షకులు, దాదాపు 300 మంది, సంఘం పెట్టుకున్నారు. 2024 జులైలో స్కైరిమ్ పుట్టిన స్టూడియోలోనే 241 మంది చిత్రకారులూ, ప్రోగ్రామర్లూ, తదితరులూ అమెరికా కమ్యూనికేషన్ కార్మికుల సంఘంలో చేరారు. 2025 జులైలో మైక్రోసాఫ్ట్ దాదాపు 9 వేలమందిని పనిలోంచి తీసివేసింది. ఆటల విభాగాల వాళ్ళు కూడా అందులో వున్నారు. పరీక్షకుల సంఘం మాత్రం అంతకు కొద్దివారాల ముందే కంపెనీతో మొదటి ఒప్పందం కుదుర్చుకున్నది. వాళ్ళ తరఫున మాట్లాడటానికి డ్రాగన్‌ను చంపినవాడెవడూ రాలేదు.